సోలో అయ్యాడా, వేరు కుంపటి పెట్టాడా?

అందరికీ నమస్కారం. స్కాట్లాండ్ రాక్ గాయకుడు ఫిష్ గురించి చిన్న వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఆయన 1981లో మరిలియన్ బ్యాండులో చేరి, 1988లో బయటికొచ్చి సొంతంగా పాడటం మొదలుపెట్టాడు. ఇంగ్లీషువాళ్లు దీన్ని 'గోయింగ్ సోలో' అంటారు. మనం ఏమనాలి?

ఫోన్‌లో అనువాదం కొట్టి చూస్తే 'చేప ఒంటరిగా వెళ్లింది' అని వచ్చింది. చేప సంగతి నవ్వుకుని వదిలేయొచ్చు. (అసలు పేరు డెరెక్ డిక్. గంటల తరబడి స్నానాల తొట్టిలోనే ఉంటాడని ఆ ముద్దుపేరు తగిలించారు.) నా పేచీ 'ఒంటరిగా'తోనే. భార్య పుట్టింటికి వెళ్లినవాడిలా లేదూ?

పోనీ 'సోలో' అనే ఉంచుదామంటే, మన చెవికి సోలో అంటే డ్యూయెట్ కానిది. ఆ లెక్కన బ్యాండులో ఉన్నప్పుడు పాడినవీ సోలోలే, గొంతు ఒక్కడిదే కదా! నాకు తోచింది 'వేరు కుంపటి'. ఏమంటారు?

—

వద్దండీ. వేరు కుంపటి అనగానే టికెట్ రాని నాయకుడు కళ్లముందుకొస్తాడు. పేపర్లు ఆ మాటను వెటకారానికే వాడి వాడి అరగదీశాయి.

—

పేపర్లు అరగదీస్తే మాటది తప్పా? పుట్టింది ఇంట్లో. మా బాబాయి వాళ్లు వేరుపడినప్పుడు పొలం పంపకాలకు రెండేళ్లు పట్టింది, వంట మాత్రం ఆ రోజే వేరైంది. పిన్ని వసారా చివర బొగ్గుల కుంపటి పెట్టి, విసనకర్రతో విసురుతూ, మా నాయనమ్మ వైపు చూడకుండా పప్పు ఉడకేసింది. ఇల్లు అదే, పెరడు అదే, కుంపటి వేరు. మీ గాయకుడి విషయంలో పంపకాలేమన్నా జరిగాయా బాబూ?

—

అడిగారు కాబట్టి చెప్తాను మాస్టారూ, జరిగాయి! ఐదో ఆల్బమ్ పని నడుస్తుండగా విడిపోయారు. కట్టిన బాణీలు బ్యాండుకు మిగిలాయి, రాసిన సాహిత్యం ఈయన వెంట వచ్చింది. వాళ్లు స్టీవ్ హోగార్త్ అనే కొత్త గాయకుణ్ణి తెచ్చుకుని 1989లో 'సీజన్స్ ఎండ్' విడుదల చేశారు. ఈయన 'విజిల్ ఇన్ ఎ వైల్డర్‌నెస్ ఆఫ్ మిర్రర్స్' కూడా ఆ ఏడే సిద్ధమైంది. కానీ ఇద్దరిదీ ఒకే రికార్డుల కంపెనీ, ఈఎంఐ. ఒకదానికొకటి అడ్డు రాకూడదని ఈయనది 1990 జనవరి దాకా ఆపారు. అచ్చం మీ వసారా సీనే. ఆ పప్పు బాగానే ఉడికింది లెండి, బ్రిటన్ చార్టులో 5వ స్థానం దాకా వెళ్లింది. 1991లో 'ఇంటర్నల్ ఎగ్జైల్' వచ్చేసరికి ఇల్లు కూడా మారి పాలిడోర్ అనే వేరే కంపెనీకి వెళ్లిపోయాడు.

—

నేనే, మొదట వద్దన్నవాణ్ణి. పంపకాలు విన్నాక కొంచెం మెత్తబడ్డాను. అయినా మన కచేరీ భాష ఉండగా వంటింటి దాకా ఎందుకు? కచేరీ గాయకుడి పేరు మీద ఉంటుంది. పక్కన వయొలిన్, మృదంగం ఉంటాయి. ఆయన్ని ఎవరూ ఒంటరి అనరు. బ్యాండులో ఐదుగురిలో ఒకడు, బయటికొచ్చాక మిక్కీ సిమ్మండ్స్ కీబోర్డు, ఫ్రాంక్ అషర్ గిటార్ ఆయనకు పక్కవాద్యాలు. కాబట్టి 'సొంత పేరు మీద పాడటం మొదలుపెట్టాడు' అనండి.

—

ఇది బాగుంది, తీసుకుంటున్నాను. కానీ కుంపటినీ వదలను. 1985లో 2వ స్థానానికి వెళ్లిన 'కేలీ' పాట ఉంది చూశారూ, అది వచ్చాక బ్రిటన్‌లో ఆడపిల్లలకు ఆ పేరు తెగ పెట్టారు. ఫిష్ అనగానే జనానికి గుర్తొచ్చేది ఇప్పటికీ అదే. అదేమో ఉమ్మడి కుంపటి మీద వండింది. విడిపోయిన సంగతి చెప్పకుండా ఒట్టి 'సొంత పేరు' అంటే ఈ ముడి కనబడదు.

వెటకారం భయానికి ఒక మందు: 'పెట్టాడు' కాకుండా 'పెట్టుకున్నాడు' అంటే? మొదటిది నింద, రెండోది అవసరం.

'1988లో వేరు కుంపటి పెట్టుకుని, సొంత పేరు మీద పాడటం మొదలుపెట్టాడు.'

—

అంతా బానే ఉంది కానీ, 'సొంత పేరు' అంటే డెరెక్ అనుకోరూ?