‘ఉయ్యలమంచ మొప్పు’: కామా ఎక్కడ?

అటకమీది పెట్టె:

అమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది ట్రంకుపెట్టెలో నా నవలలు దొరికాయి. మూడు. 1986 నుంచి 88 దాకా, అంటే ఇంటర్ రెండేళ్ళూ ఆ తర్వాతి వేసవీ. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కులు, నీలం సిరా, అధ్యాయాల పేర్లు మాత్రం ఎర్ర సిరా. ఎక్కడా అచ్చు కాలేదు, ఎవరికీ పంపనూ లేదు. అయినా ప్రతి అధ్యాయం చివరా ‘సశేషం’ అని ఉంది. వారపత్రికలో సీరియల్ అలాగే ఆగేది కదా, నవలంటే అలాగే ఉండాలనుకున్నాను. హీరోకి కాంటెస్సా కారు, హీరోయిన్‌కి ఊటీలో గెస్ట్‌హౌస్. నేను అప్పటికి చూసిన కొండలు రెండు, మంగళగిరి, కోటప్పకొండ.

నవ్వుకోవడానికి పెట్టడం లేదు ఈ పోస్టు. మొదటి నవల మొదటి పేజీలో, రాయల ఆస్థాన కవి అల్లసాని పెద్దన చాటువు ‘నిరుపహతి స్థలంబు’ మొత్తం రాసి ఉంది. ఏ ఇబ్బందీ లేని చోటు, రమణీప్రియదూతిక తెచ్చిచ్చే కప్పురవిడెం, ఇంపయిన భోజనం, ఉయ్యలమంచం, రసజ్ఞులు, లేఖక పాఠకులు, ఇవన్నీ దొరికితే గానీ ఊరకే కృతులు రాయమంటే శక్యమా అంటాడు. అందులో ఈ ముక్క ఇలా ఉంది:

భోజన ముయ్యలమంచ మొప్పు, త
ప్పరయు రసజ్ఞు లూహ తెలియంగల లేఖక పాఠకోత్తముల్

‘మొప్పు’ తర్వాత కామా చూశారా. ఆ ఒప్పుని మంచానికి అంటగట్టాను. నవల పేరే ‘ఉయ్యలమంచం’. ఇన్నేళ్ళూ తలలో కూడా అలాగే మోగుతోంది: అందమైన ఉయ్యలమంచం, తప్పులు పట్టే రసజ్ఞులు. నిన్న రాత్రి చదువుతుంటే అన్నంలో రాయిలా తగిలింది. ఆ కామా సరైన చోటే ఉందా? పేజీ ఫొటో పెడుతున్నాను.

యతిమైత్రి:

కామా తప్పు. ‘ఒప్పు తప్పు అరయు రసజ్ఞులు’ అని ఒకటే ముద్ద. ఇంకో సంగతి. రెండో పాదంలో మీరు ‘ఆత్మకింపైన’ అని రాశారు, ఫొటోలో కనబడుతోంది. చంపకమాలమ్మా అది, అక్కడ భగణం (గురువు, రెండు లఘువులు) పడాలి. ‘కింపయి’. ఐత్వం పెడితే రెండు గురువులు పక్కపక్కన కూర్చుంటాయి, పాదం కూలుతుంది.

అటకమీది పెట్టె:

ఇంపయిన. లెంపలేసుకున్నాను. మంచం సంగతే ఇంకా తేలలేదు.

తాటాకు:

యతిమైత్రి గారు తీర్పు కాస్త తొందరగా ఇచ్చేశారు. మా తాతగారు ఈ పద్యం చదివేటప్పుడు ‘ఉయ్యలమంచ మొప్పు’ దగ్గర ఆగేవారు. నోట్లో వక్కపలుకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని, అప్పుడు ‘తప్పరయు’ అని ఎత్తుకునేవారు. పాదం విరిగింది తప్పులో ‘త’ దగ్గర. మాట మధ్యలో ఎవడూ ఊపిరి తీసుకోడు, దానికి ముందే తీసుకుంటాడు. అలా చదివితే ఒప్పు మంచంతోనే పోతుంది చెవికి. చాటువంటేనే నోటి సరుకు. పదహారేళ్ళ పిల్ల చెవితో విన్నది కామాగా పెట్టింది, అంతే.

యతిమైత్రి:

ఊపిరి వేరు, అన్వయం వేరు మాస్టారూ. ఒప్పుని క్రియ అనుకుందాం. ‘మంచము ఒప్పును’ అని వాక్యం అక్కడితో అయిపోతుంది. స్థలం, విడెం, భోజనం, మంచం అన్నీ కలిసి ‘దొరికిన గాక’ దాకా ప్రయాణం చెయ్యాల్సినవి. మంచం మధ్యలో దిగిపోతే మిగతావాళ్ళు ఏ బండి ఎక్కాలి? పోనీ విశేషణం అనుకుంటే ‘ఒప్పు మంచము’ అనాలి, మంచం వెళ్ళిపోయాక వెనక పరిగెత్తదు. పైగా మూడో పాదం యతి చూడండి, మొదటి అక్షరానికీ పదకొండో అక్షరానికీ మైత్రి కుదరాలి. పకారానికీ యకారానికీ మైత్రి లేదు. ‘తప్పు + అరయు’లో దాక్కున్న అకారానికీ ‘తెలియంగల’లో ‘యం’కీ కుదిరింది. అరయు అన్న మాట మీద కవి ఎంత బరువు పెట్టాడో తెలుస్తోంది కదా. ఏమిటి అరయడం? ఒప్పూ తప్పూ.

గోదారి గట్టు:

యతి పడ్డ చోటల్లా కవి బరువు పెట్టాడంటే ఎలాగండీ, పదకొండో అక్షరం ఆయన ఇష్టమా! ఆ సాక్ష్యం చెల్లదు. కానీ తీర్పు మాత్రం మీదే. నాకు వ్యాకరణం అక్కర్లేదు, రసజ్ఞుణ్ణి చూస్తే చాలు. తప్పులు మాత్రమే వెతికేవాడు రసజ్ఞుడెలా అవుతాడు? వాడికి మన భాషలో వేరే పేర్లున్నాయి. కాబట్టి ఒప్పు రసజ్ఞుడిదే. అక్కా, నవలలో ఈ పద్యం ఎవరు చదువుతారు?

అటకమీది పెట్టె:

హీరోయిన్ తండ్రి, రిటైర్డ్ తెలుగు లెక్చరర్. మూడో అధ్యాయంలో ఉయ్యలమంచం మీదే పోతాడు. అందుకే ఆ మంచం. నిజానికి ఉయ్యలమంచం నేను చూడనే లేదు. మా పెద్దమ్మ వాళ్ళ మండువాలో ఉయ్యాలబల్ల ఉండేది, ఇనుప గొలుసులు, కూర్చుంటే తుప్పు చేతికంటేది. మంచాన్ని నాలుగు మూలలా ఎలా వేలాడదీస్తారో తెలీక ‘నాలుగు వెండి గొలుసులు’ అని రాసి ఊరుకున్నాను. తర్వాతి పేజీలో గుండె నొప్పొచ్చి ఆయన లేవబోతే గొలుసులు ‘ఘల్లుమన్నాయి’.

హంపీ బస్సు:

ఘల్లుమంటే మన్నాయి లెండి. పెద్దన ఇవన్నీ అడిగాడంటే ఇచ్చేవాడు ఒకడున్నాడు కాబట్టి. ‘ఎదురైనచో తన మదకరీంద్రము నిల్పి కేలూత యొసగి యెక్కించుకొనియె’. ఏనుగు ఆపి చెయ్యందించినవాణ్ణి కప్పురవిడెం అడగడం ఒక లెక్కా? ఈ చాటువు చదివిన ప్రతిసారీ నేను వెంటనే ఆ సీసం చదువుకుంటాను. ఇక్కడ ఎంత గారాబం! అక్కడ రాయలు పోయాక ‘బ్రదికి యున్నాడ జీవచ్ఛవంబు నగుచు’. మనుచరిత్ర కూడా నాకు తర్వాతే. అటజని కాంచె అని ఊరంతా మృదంగం వాయిస్తుంది, సరే, కానీ ‘జీవచ్ఛవంబు’ దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఓరుగల్లు:

గారాబమే. మా పోతనకు ఉయ్యలమంచం ఎవరిచ్చిండ్రు? ‘సత్కవుల్ హాలికులైననేమి’ అన్న పద్యం ఆయనదే అంటరు కదా. దున్నుకుంటనే భాగవతం రాసిండు.

అక్కా, మీ పోస్టు చూసి నా పాత నవల యాదికొచ్చింది. పదిహేనేళ్ళకు రాసిన. ఇంట్ల అందరం ‘ఏం జేస్తున్నవ్ రా’ అనుకునేటోళ్ళం, నవలల మాత్రం జమ్మికుంట పిల్ల ‘ఏవండీ, కాఫీ తీసుకోండి’ అన్నది. మా ఇంట్ల చాయే తప్ప కాఫీ ఎరుగం. రోజుకు అర్ధ రూపాయి అద్దెకు తెచ్చుకున్న నవలలన్నీ అట్లనే మాట్లాడేటివి. ఒక్కతాన, హీరో చెల్లె ఏడిచేటప్పుడు, ‘అన్నా, నేను బోను’ అన్నది. చదువుకుంటే ఆ ఒక్క మాటే మనిషి మాట లెక్క ఉన్నది. అప్పుడు దాన్నే కొట్టేసి పైన ‘నేను వెళ్ళను’ అని దిద్దిన. కొట్టేసిన గీత కింద ఇంకా కనబడుతది.

అటకమీది పెట్టె:

తమ్ముడూ, ఆ పేజీ ఫొటో ఉంటే పెట్టవా. నా నవలల్లో అలాంటి ఒక్క మాట కూడా దొరకలేదు. మా ఇంట్లో ఎవరూ ‘ఏవండీ’ అనేవాళ్ళు కాదు, ‘ఇదుగో’ అనేవాళ్ళు.

కప్పురవిడెం:

‘రమణీప్రియదూతిక’ సంగతి ఎవరూ ఎత్తరేం? రమణికి ప్రియమైన దూతికా, రమణి పంపిన

యతిమైత్రి:

వద్దు. దాని మీద పోయినేడు సంక్రాంతికి మొదలెడితే ఉగాది పచ్చడి తిన్నాక కూడా తేలలేదు. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు.

తాటాకు:

మీరంతా మంచం చుట్టూ తిరుగుతున్నారు కానీ పద్యానికి కీలకం ‘లేఖక’. అమ్మా, అప్పట్లో లేఖకుడంటే రచయిత, పాఠకుడంటే పుస్తకం కొనుక్కుని చదివేవాడు అనుకుని ఉంటావు. అవునా? పెద్దన నాటికి లేఖకుడంటే వ్రాయసగాడు. కవి చెబుతుంటే గంటంతో ఆకు మీద గీసేవాడు. పాఠకుడంటే దాన్ని సభలో పైకి చదివి వినిపించేవాడు. ఒకడు చేతికి, ఒకడు నోటికి. ‘ఊహ తెలియంగల’ అన్నది అందుకే. కవి నోట మాట పూర్తిగా రాకముందే ఊహ అందుకోవాలి వాడు.

తిక్కన గారి కథే చూడండి. భారతం ఆశువుగా చెబుతూ ఒకచోట అడ్డుపడి, ఎదుట కూర్చున్న లేఖకుడితో ‘ఏమి చెప్పుదుం గురునాథ’ అన్నారట. అతగాడు దాన్నే ఆకుకెక్కించాడు. ‘చెప్పుదున్’ తర్వాత కురునాథుడు వస్తే సరళాదేశంతో, అంటే ‘క’ కాస్తా ‘గ’ అయి, గురునాథుడే అవుతాడు కదా, సంజయుడు ధృతరాష్ట్రుడితో అన్నట్టు అతికింది. కట్టుకథే కావచ్చు. అయినా పద్యం ఆగిపోయిన చోట కవిని గట్టెక్కించింది వ్రాయసగాడి చెయ్యి అని ఆ కథ కట్టినవాడికి తెలుసు.

గోదారి గట్టు:

లేఖకుడి మీద ఒప్పుకున్నాను. అయితే ‘ఊహ’ ఎవరిది? కవిదే అని ఎలా అన్నారు? ‘రసజ్ఞు లూహ’ని ‘రసజ్ఞుల ఊహ’ అని విడగొట్టండి ఒకసారి. ఒప్పు తప్పు అరసి చూసే రసజ్ఞుల మనసు తెలిసిన లేఖకుడు, పాఠకుడు. అప్పుడు జాబితాలో రసజ్ఞులు వేరుగా ఉండరు, లేఖకుడి లోపలికే వెళ్ళిపోతారు. ఇది నా సొంత సరుకు, ఎక్కడా చదవలేదు.

యతిమైత్రి:

అత్వసంధి బహుళం. కుదరదని అనలేను. కుదిరిందనీ అనను.

గోదారి గట్టు:

ఫ్రేము కట్టించుకుంటాను మాస్టారూ.

అటకమీది పెట్టె:

తాటాకు గారూ, మీరు లేఖక అనగానే ఒకటి చెప్పాలి. ఫొటోలో దస్తూరీ నాది కాదు. నావి కోడిగీతలు. చిత్తు నేను లెక్కల నోట్సు వెనక పేజీల్లో రాసేదాన్ని, హాస్టల్లో నా రూమ్మేట్ ఆదివారాలు శుద్ధప్రతి తీసేది. రాత్రి వార్డెన్ లైట్లు ఆర్పించేలోపు వరండాలో పైకి చదివేది కూడా తనే. ఏడెనిమిది మంది దుప్పట్లు కప్పుకుని కూర్చునేవాళ్ళు, ఎవరో ఒకరు వేరుశెనక్కాయలు తెచ్చేవాళ్ళు. నేను చదివితే ఎవరూ వినేవారు కాదు, గబగబా మింగేసేదాన్నట.

ఆ లెక్చరర్ని చంపొద్దని పెద్ద గొడవ. నేను వినలేదు, మంగళవారం రాత్రి చంపేశాను. మొన్న చూస్తే శుద్ధప్రతిలో బుధవారం రాత్రి పోయాడు. మధ్యలో ఒక రోజు, నాలుగు వాక్యాలు, నావి కావు. ఆయన కూతురి చేత జుట్టు దువ్వించుకుని, మజ్జిగన్నం తిని, పడుకుంటాడు. అవి నేను రాయలేదని ముప్పై ఏడేళ్ళ తర్వాత తెలిసింది. నవల మొత్తంలో అక్కడే ఎవరో ఏదో తిన్నారు. మిగతా అందరూ కాఫీలే.

హంపీ బస్సు:

మజ్జిగన్నం. ‘ఆత్మకింపయిన భోజనము’ తీరిపోయింది.

తాటాకు:

చూశారా! గురునాథుడు దొరికాడు. అయితే కామా కూడా ఆ అమ్మాయిదేనేమో.

యతిమైత్రి:

ఆగండాగండి. ఫొటో పెద్దది చేసి చూస్తున్నాను. కామా కన్నా పెద్ద ప్రమాదం కింద ఉంది. ‘ఊరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే’ తర్వాత చుక్క! ప్రశ్నార్థకం లేదు. అంటే ఆ ‘ఏ’ ప్రశ్నార్థకం పోయి అవధారణ, నొక్కి చెప్పడం, అయింది. ఇవన్నీ లేకుండా రాయమంటే శక్యమా అని పెద్దన అడుగుతుంటే, మీ పేజీలో శక్యమే అని బల్ల గుద్దుతున్నాడు.

గోదారి గట్టు:

ఆహా. దాన్ని అలాగే ఉంచెయ్యండి అక్కా. జేన్ ఆస్టెన్ పద్నాలుగేళ్ళప్పుడు, 1790లో, ఒక బుల్లి నవల రాసింది. దాని పేరులో ఫ్రెండ్‌షిప్ అన్న మాటకి స్పెల్లింగు తప్పు, ఐ రావాల్సిన చోట ఈ, ఈ రావాల్సిన చోట ఐ. ఇప్పటికీ ఆ తప్పుతోనే అచ్చువేస్తారు.

యతిమైత్రి:

ఆవిడకి చెల్లింది. ఇక్కడ ‘దొరికిన గాక’ ఉంది. గాక అన్నాక కాదనే మాట రావాలి, ఔననేది రాదు. చుక్క నిలవదు.

ఓరుగల్లు:

ఎందుకు నిలవదు సార్? నలుగురు అన్నదమ్ములం ఒక్క అర్రల పండుకునేటోళ్ళం. కరెంటు పోతే కందిలి. నిరుపహతి స్థలం అంటే మా ఇంటెన్క గడ్డివాము. అయినా మూడు వందల పేజీలు రాసిన. శక్యమే, చుక్క.

యతిమైత్రి:

మీరు రాశారు కాబట్టి పెద్దన అన్వయం మారదు కదండీ.

అటకమీది పెట్టె:

ఇప్పుడే ఫోన్ చేశాను దానికి. విశాఖలో ఉంటోంది. ముందు బాగా తిట్టింది, ఇన్నేళ్ళకా అని. తర్వాత చుక్క సంగతి అడిగాను. ‘ఆ పెన్ను పాళీ విరిగింది కదే, ప్రశ్నార్థకం వంపు తిప్పితే కాగితం చిరిగేది. పుస్తకం మొత్తం ఎక్కడా పెట్టలేదు, చూసుకో’ అంది. చూసుకున్నాను. 187 పేజీల్లో ఒక్కటి లేదు. ఊటీలో పొగమంచులో హీరో అడుగుతున్నాడు: ‘నన్ను పెళ్ళి చేసుకుంటావా.’ హీరోయిన్: ‘ఎందుకు.’

కామా గురించీ అడిగాను. అది నా చిత్తులోదేనట. అప్పుడే తప్పనిపించిందట, కానీ ‘నువ్వు మంచం మీద అంత మోజు పడుతుంటే ఎలా తీసేస్తానే’ అంది. చిత్తు చూద్దామంటే లెక్కల నోట్సు ఎప్పుడో పాతపేపర్ల వాడికి వెళ్ళిపోయింది.

తాటాకు:

ఊహ తెలిసిన లేఖకురాలు. కామా ఉంచడమే ఒప్పు.

యతిమైత్రి:

ఏ ఒప్పు మాస్టారూ, మంచానిదా, రసజ్ఞుడిదా?