బీరు టేస్టింగ్‌లో బాటిల్ ఎవరిదో ముందే చెప్పాలా, దాచాలా?

మాల్ట్_మాస్టారు:
వచ్చే టేస్టింగ్‌కి ఒక పద్ధతి పెడదామని ఉంది. షాపులో కొన్న క్రాఫ్ట్ క్యాన్లు, మన ఇళ్లలో కాచినవి అన్నీ కలిపేసి, ఎవరిదో చెప్పకుండా లోపల జగ్గుల్లోకి వంపి, నంబర్లు వేసి పోస్తాం. మనిషికి 75 మి.లీ. మార్కులు బీజేసీపీ (బీరు పోటీల జడ్జీల సంస్థ) లెక్కనే, 50కి: వాసన 12, రూపం 3, రుచి 20, నోట్లో తగిలే తీరు 5, మొత్తం మీద 10. పేరు తెలిస్తే మొహమాటానికి మార్కులు పడతాయి, పోయినసారి చూశాం కదా. ఏమంటారు?

ఊరికే_చదువుతా:
దాచడానికే నా ఓటు.

కూకట్‌పల్లి_కార్బాయ్:
నాకు జగ్గు దగ్గరే పేచీ. పోయినసారి పేర్లు చెప్పారు గానీ పోసింది జగ్గులోంచే. నా గోధుమ బీరు బాటిల్లో గ్యాస్ పట్టింది, అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది. వైజన్ (జర్మన్ తరహా గోధుమ బీరు) అయితే ముప్పావు వంతు పోశాక బాటిల్‌ని గుండ్రంగా తిప్పి, మడ్డి లేపి, మిగతాది పోయాలి. మీరు మడ్డి వదిలేశారు. లీటరుకి 8 గ్రాముల చక్కెర వేసి పట్టించిన గ్యాస్ జగ్గులోనే సగం పోయింది. రూపానికి 1, మొత్తం 19, పక్కన ‘ఆసుపత్రి వాసన’ అని ఒక్క ముక్క. అది లవంగం వాసనండీ! మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు)లోని ఫెరూలిక్ ఆమ్లాన్ని వైజన్ ఈస్ట్ మార్చితే వచ్చేది. మాష్‌ని, అంటే వేడినీళ్లలో నానే మాల్ట్‌ని, 44 డిగ్రీల దగ్గర పావుగంట ఆపింది అందుకే.

మాల్ట్_మాస్టారు:
లవంగం వేరు, బ్యాండెయిడ్ వేరు. మీదాంట్లో ఉన్నది క్లోరోఫినాల్. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మాల్ట్ ఫినాల్స్‌తో కలిస్తే వస్తుంది, ఇసుమంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. 20 లీటర్లకి పావు క్యాంప్‌డెన్ మాత్ర (సల్ఫైట్) నలిపి కలిపితే క్లోరిన్ నిమిషాల్లో విరుగుతుంది. బ్లీచింగ్ నీళ్లతో బాటిళ్లు కడిగి సరిగా తొలవకపోయినా ఇదే గతి.

కూకట్‌పల్లి_కార్బాయ్:
వాడింది ఆర్‌ఓ నీళ్లు. ఇంట్లో బ్లీచింగే లేదు. క్లోరిన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మాల్ట్_మాస్టారు:
ఆర్‌ఓలో క్లోరిన్‌ని ఆపాల్సింది కార్బన్ ఫిల్టరు, మెంబ్రేన్ కాదు. కార్బన్ పని అయిపోతే క్లోరిన్ దాటి వచ్చేస్తుంది. ఎప్పుడు మార్చారో చూసుకోండి.

నాచారం_నురగ:
అన్నా, టేబుల్ మీద మిర్చి బజ్జీలు, చికెన్ 65 వెట్టుకొని లవంగమా బ్యాండెయిడా అంటే ఏం తెలుస్తది? మరమరాలు, మంచినీళ్లు, గంతే. గ్లాసులకు సబ్బు జిడ్డు ఉంటె నురగ నిలవది, అది గూడ బీరు తప్పు కాదు.

మూత_తీయకు:
ఇంట్లో కాచిన వాటి ఫొటోలు మాత్రం ఇక్కడ పెట్టకండి బాబూ. లైసెన్సు లేని తయారీని ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు.

సైనిక్‌పురి_సైసన్:
అసలు అడగాల్సింది ఎవరూ అడగలేదు. మూత తీసినప్పుడు పొంగిందా? క్లోరోఫినాల్ అయితే మొదటి రోజు నుంచీ అదే ఘాటు, పొంగడం ఉండదు. అడవి ఈస్ట్ దూరితే వాసన వారం వారం ముదురుతుంది, హైడ్రోమీటరులో గ్రావిటీ (మిగిలిన చక్కెరని బట్టి ఉండే చిక్కదనం) 1.012 దగ్గర ఆగిందనుకున్నది బాటిల్లో 1.006కి దిగిపోతుంది, ఆ గ్యాసంతా మూత తీయగానే తన్నుకొస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో బాటిళ్లు పెడితే ఇంకా తొందరగా. చూడాల్సిన ఆ ఒక్క గుర్తూ వంటింట్లో జగ్గు పాలైంది.

మాల్ట్_మాస్టారు:
పొంగిన గుర్తు లేదు.

కూకట్‌పల్లి_కార్బాయ్:
గుర్తు లేదా, పొంగలేదా? సరే, మీ పిల్స్ (తేలికపాటి లాగర్ బీరు) సంగతి చూద్దాం. అందులో వెన్న వాసన ఉంది, ఒక్కరూ రాయలేదు. ఎందుకంటే 4 డిగ్రీల్లో ఫ్రిజ్‌లోంచి తీసి మొట్టమొదట పోశారు. చల్లదనంలో ఆ వాసనిచ్చే డయాసిటైల్ తెలియదు. నాది ఐపీఏ (చేదు ఎక్కువుండే బీరు) తర్వాత, వెచ్చబడ్డాక.

మాల్ట్_మాస్టారు:
తేలిక నుంచి చేదుకి వెళ్లడం ఎక్కడైనా ఉన్న వరసే. నా పిల్స్‌ని మూడు రోజులు 18 డిగ్రీలకి లేపి ఉంచాను, ఈస్ట్ ఆ డయాసిటైల్‌ని తిరిగి తినేస్తుంది.

కూకట్‌పల్లి_కార్బాయ్:
తేలిక నుంచి చేదుకే అయితే 12 ఐబీయూల (చేదు కొలత) వైజన్ ఐపీఏ వెనక ఎందుకు పడింది?

మాల్ట్_మాస్టారు:
మీరు గంట ఆలస్యంగా వచ్చారు గనక.

నాచారం_నురగ:
😂

మాల్ట్_మాస్టారు:
ఇదిగో, ఈ లొల్లి లేకుండా ఉండాలనే పేర్లు దాద్దామంటున్నా.

కూకట్‌పల్లి_కార్బాయ్:
దాస్తే నాకేం ఒరుగుతుంది? ఎవరు ముందో తేలాలి మీకు. నాకు తప్పు ఎక్కడ దొర్లిందో తెలియాలి. నీళ్లేంటి, ఏ ఈస్ట్, ఎన్ని డిగ్రీల్లో పులిసింది, చివరి గ్రావిటీ ఎంత అని ఒక్కరు అడగలేదు. 19 అన్న అంకె పట్టుకుని తర్వాతి బ్యాచ్‌లో ఏం మార్చను?

మాల్ట్_మాస్టారు:
అవి ముందే చెప్తే ముక్కులు పనిచేయవు. ‘28 డిగ్రీల్లో పులిసింది’ అనండి చాలు, అందరికీ అరటిపండు వాసనే వస్తుంది, ఉన్నా లేకపోయినా. ముందు వాసన, తర్వాత వివరం. మార్కులు వద్దంటే మానేద్దాం గానీ ఈ వరస మారకూడదు.

సైనిక్‌పురి_సైసన్:
అయితే మార్కులే తీసేయండి. పేరు దాచండి, బాటిల్ దాచకండి: లేబుల్ లేని గోధుమరంగు బాటిళ్లు, నంబరు చిట్టీ, మూత టేబుల్ మీదే. అందరూ వాసన రాశాక కాచినవాళ్లు తమ లెక్కల కాగితం బయటపెట్టాలి. పిల్స్ మీద అనుమానం ఉంటే మూడు గ్లాసులు: రెండింట్లో ఒకే బీరు, మూడోది వేరే పిల్స్, అన్నీ 10 డిగ్రీల్లో, తేడా గ్లాసు ఏదో చెప్పాలి. ముగ్గురిలో ఒకరు గుడ్డిగా చెప్పినా తగులుతుంది కాబట్టి కనీసం ఆరుగురైనా వాసన చూడాలి.

మాల్ట్_మాస్టారు:
ఎనిమిది బీర్లకి ఇంత తతంగమంటే రాత్రి పన్నెండవుతుంది. మీరు చెప్పినట్టు బాటిల్ టేబుల్ మీద తీద్దాం. మార్కులు మాత్రం ఉండాలి, లేకపోతే అందరూ ‘బాగుంది’ అని రాసిపోతారు.

కూకట్‌పల్లి_కార్బాయ్:
మార్కులు పెట్టుకోండి. ఆ బ్యాచ్‌లో రెండు బాటిళ్లు మిగిలున్నాయి, టైముకే తెస్తా. పోసేది మాత్రం బీరు తేనివాళ్లే.

నాచారం_నురగ:
నేను తెస్తలేను. నేను పోస్త.