విజయవాడ దగ్గర కృష్ణలో భవానీ ద్వీపం పక్కన ఇసుకలో లంగరు నిలవట్లేదు

ప్రశ్న: ఇరవై అడుగుల ఫైబర్ బోటు. లోతు 3 మీటర్లు, అడుగున ఇసుక. నాలుగు కొక్కేల లంగరు, 10 మీటర్ల నైలాన్ తాడు. కాస్త గాలి లేస్తే జారిపోతోంది. ఇంకా బరువైనది కొనాలా అన్నా?

జవాబు 1: బరువు కాదండీ సమస్య. కొక్కేలది రాళ్లలో పడితే ఇరుక్కుంటుంది, ఇసుకనైతే దువ్వుకుంటూ పోతుంది. వెడల్పు రేకుల డాన్‌ఫోర్త్ రకం తీసుకోండి. దానికీ తాడుకీ మధ్య 4, 5 మీటర్ల గొలుసు ఉండాల్సిందే. లాగుడు నేలబారుగా ఉంటేనే రేకులు ఇసుకలోకి దిగుతాయి. ఇక తాడు. నీటి లోతు 3, నీటిపైన బోటు ముక్కు ఎత్తు 1, మొత్తం 4. దానికి ఏడు రెట్లు, అంటే గొలుసుతో కలిపి 28 మీటర్లు వదలాలి. మీ పదితో ఏ లంగరైనా పైకి లేచిపోతుంది.

జవాబు 2: విసరొద్దు, గొలుసు రేకులకు చుట్టుకుంటుంది. ముక్కు గాలికి ఎదురు పెట్టి ఆపి, బోటు వెనక్కి జారుతుంటే మెల్లగా వదలండి. ముక్కు దగ్గర కట్టాక రివర్స్‌లో నిదానంగా లాగండి. తాడు మీద చెయ్యేస్తే గరగర అదురుతుందా, ఇంకా జారుతున్నట్టే. వెనక వైపు మాత్రం కట్టకండి, నీళ్లెక్కుతాయి.

ప్రశ్న అడిగినవారు: 28 వదిలితే ఒడ్డుకు తగలదా?

జవాబు 1: గాలి మారితే ఆ తాడు పొడవునా తిరుగుతుంది, ఆ మేర ఖాళీ చూసుకోండి. పగలు, మనిషి బోటులో ఉంటే ఐదు రెట్లు చాలు. కింద ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తే రోజుల్లో అసలు నీళ్లలో ఉంచొద్దు. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన బోట్లు గేట్లకే గుద్దుకున్నాయి.