‘యాళ్లకు’ అన్న మాట డిస్కు పనికి అతుకుతదా?

నల్లగొండ నుంచి:
లినక్సు పాఠాలు తెలుగులో రాస్తున్నం. ‘రియల్‌టైమ్’కు ‘నిజ సమయం’, ‘వాస్తవ సమయం’ అని రాస్తున్నరు. రెండూ చదివినోళ్లకు ఏం చెప్తలేవు. మన దిక్కు ‘యాళ్లకు తినాలె, యాళ్లకు మందు ఏసుకోవాలె’ అంటం. వేళ నుంచి వచ్చిందే. డిస్కు ఐవో (చదువు, రాత) ప్రాధాన్యాల పాఠంలో ఈ మాట పెట్టొచ్చా?

దేవరకొండ నుంచి:
పెట్టాలె అన్నా. ‘యాళ్లకు’లో ఉరుకులాట లేదు, తప్పొద్దన్న పట్టు ఉంది. రియల్‌టైమ్ అంటే అదే. ఎనిమిది ట్రాకుల ఆడియో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లతో రికార్డు చేస్తే సెకనుకు 11,52,000 బైట్లు. పాత హార్డ్‌డిస్కు కూడా దీనికి ఎన్నో రెట్లు రాస్తది. అయినా పక్కన బ్యాకప్ నడిస్తే శబ్దం తెగుతది. రికార్డరు బఫరు (డిస్కుకు పోయేదాకా శబ్దం ఆగే మెమొరీ) 2 సెకన్లది, డిస్కు వంతు రెండున్నర సెకన్లకు వస్తే అర సెకను పాట పోయినట్టే. సంస్కృతంలో ‘ఆలస్యం’ అంటే సోమరితనం, తెలుగులో జాగు. ఈ డిస్కు సోమరి కాదు, నిండా పని చేస్తనే జాగు చేస్తున్నది.

పాలమూరు నుంచి:
మాట మంచిదే, తగిలించే చోటు చూసుకోవాలి. ప్రోగ్రాముకు డిస్కు వంతు పెట్టే అయోనైస్ ఆదేశంలో మూడు తరగతులు: 1 రియల్‌టైమ్, 2 బెస్ట్ ఎఫర్ట్, 3 ఐడిల్. మొదటి రెండింటిలో 0 నుంచి 7 దాకా మెట్లు, 0 అన్నిటికీ పైది. ఆ 1వ తరగతికి ‘యాళ్లకు’ అని పేరు పెడితే తప్పు చెప్పినట్టు. అది ఏ గడువుకూ హామీ ఇవ్వదు, ముందు నిలబెడుతుందంతే. ‘ముందు వంతు’ అనండి. ఐడిల్‌కు ‘తీరిక వంతు’.

ఆ వంతు కూడా షెడ్యూలర్ (లినక్సు మూల భాగమైన కెర్నెల్‌లో డిస్కు అర్జీలను వరుసపెట్టేది) ఒప్పుకుంటేనే. కెర్నెల్ సెట్టింగులు కనబడే సిస్ డైరెక్టరీలో ఆ డిస్కు క్యూ డైరెక్టరీ కింద షెడ్యూలర్ ఫైలు తెరిస్తే, చదరపు బ్రాకెట్లలో ఉన్నదే నడుస్తున్నది. ‘నన్’ ఉంటే తరగతులను చూసే షెడ్యూలరే లేదు. బీఎఫ్‌క్యూ అనే షెడ్యూలర్ చూస్తుంది, ఎంక్యూ డెడ్‌లైన్ అనేది 5.14 కెర్నెల్ నుంచి చూస్తుంది. పాత పాఠాల్లోని సీఎఫ్‌క్యూ షెడ్యూలర్ 5.0 కెర్నెల్‌లోనే పోయింది, దాన్ని ఎత్తి రాయకండి.

దేవరకొండ నుంచి:
డెడ్‌లైన్‌కు ‘గడువు’ ఉండనే ఉంది. కాకపోతే ఎంక్యూ డెడ్‌లైన్ అంకెలు కూడా పాఠంలో రాయండి: మామూలుగా చదువుకు 500 మిల్లీసెకన్లు, రాతకు 5,000. గడువు దాటిన అర్జీని ముందుకు తీస్తది తప్ప దాటకుండా ఆపదు. 2 సెకన్ల బఫరున్న రికార్డరుకు 5 సెకన్ల గడువు ఏం పనికొస్తది? రాత గడువు పెట్టే రైట్ ఎక్స్‌పైర్ సెట్టింగును తగ్గించాలె.

మిర్యాలగూడ నుంచి:
అసలు మెలిక పేజీ క్యాష్ (ఫైళ్ల కోసం కెర్నెల్ వాడే మెమొరీ) దగ్గరుంది. మామూలు రాత ముందు మెమొరీలో పడుతుంది. తర్వాత కెర్నెల్‌లోని ఫ్లషర్ దాన్ని డిస్కుకు తోస్తుంది, అప్పుడు రాసిన ప్రోగ్రాము తరగతి లెక్కలోకి రాదు. అయోనైస్ పట్టు చదువుల మీద, పేజీ క్యాష్‌ను దాటేసే ఓ డైరెక్ట్ వంటి నేరు రాతల మీదే. అందుకే అదే డిస్కుకు రాసే బ్యాకప్‌ను తీరిక వంతులో పెట్టినా రికార్డరు ఆగొచ్చు. డిస్కుకు చేరని రాతలు మెమొరీలో ఎంత పేరుకుంటే ఫ్లషర్ కదలాలో చెప్పే డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో మామూలుగా 10 శాతం. 32 గిగాబైట్ల మెమొరీ ఉంటే 3 గిగాబైట్ల దాకా పేరుకుని ఒక్కసారి డిస్కు మీద పడుతుంది. రేషియో బదులు డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ 64 మెగాబైట్లు, డర్టీ బైట్స్ (రాసే ప్రోగ్రామునే ఆపే హద్దు) 256 మెగాబైట్లతో మొదలుపెట్టి చూడండి.

ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో ఇంకొకటి. జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) అందరికీ ఒకటే. రికార్డరు ఎఫ్‌సింక్ (రాత డిస్కుకు చేరేదాకా ఆగే పిలుపు) పిలిస్తే, అదే ట్రాన్సాక్షన్‌లో (జర్నల్‌కు కలిపి పోయే మార్పుల కట్టలో) ఇరుక్కున్న తీరిక వంతు ప్రోగ్రాము రాతలు కూడా తెమలాలి. ముందు వంతువాడు తీరిక వంతువాడి కోసం కాచుక్కూర్చుంటాడు. దీన్ని ‘తలకిందుల వంతు’ అంటే సరిపోతుంది. ఫైలును ముందే సున్నాలతో నింపి, దాని మీదే తిరగరాసి, ఎఫ్‌డేటాసింక్ (డేటాను, దాన్ని చదవడానికి కావలసిన వివరాలను మాత్రమే చేర్చే పిలుపు) వాడితే జర్నల్ పని చాలా తగ్గుతుంది. ఒట్టి ఫాలొకేట్ (చోటు మాత్రం కేటాయించే పిలుపు) చాలదు, తొలి రాతకు ఎక్స్‌టెంట్ (ఫైలుకిచ్చిన వరుస చోటు) మీది ‘ఇంకా రాయలేదు’ గుర్తు మార్చక తప్పదు. వీలైతే రికార్డింగ్‌కు వేరే డిస్కే పెట్టండి.

నల్లగొండ నుంచి:
అయితే ‘యాళ్ల పని’ అని పనికే పేరు పెడ్త, తరగతికి ‘ముందు వంతు’. బెస్ట్ ఎఫర్ట్‌కు ‘చేతనైనంత’ అనుకుంటున్న. అచ్చులో ‘వేళకు’ అని దిద్దమంటరేమో?

దేవరకొండ నుంచి:
దిద్దొద్దు. మొదటి పేజీల ‘యాళ్ల అంటే వేళ’ అని ఒక్క ముక్క రాసి, తర్వాత అంతటా ‘యాళ్ల’నే ఉంచండి.