బరువు తగ్గే సర్జరీకి వేరే దేశం వెళ్లొచ్చా?

ప్రశ్న: కడుపును చిన్నది చేసే స్లీవ్ సర్జరీ చేయించుకుందామనుకుంటున్నాను. ఇక్కడ చాలాకాలం ఆగాలంటున్నారు, బయటి దేశంలో అయితే తక్కువ ఖర్చుతో వెంటనే చేస్తారట. వెళ్లమంటారా?

జవాబు: ఆపరేషన్ కాసేపట్లో అయిపోతుందండీ, అసలు సంగతంతా ఆ తర్వాతే. కడుపులో దాదాపు 80 శాతం కోసి తీసేస్తారు, ఆ కోసిన అంచు దగ్గర లీకయితే ఒక్కోసారి ఇంటికొచ్చాక గానీ బయటపడదు, అప్పుడు మిమ్మల్ని చూసే డాక్టర్ ఎవరో తేల్చుకోకుండా టికెట్ మాత్రం కొనకండి.

ఇంకో జవాబు: నేను వెళ్లొచ్చాను, బాగానే ఉన్నాను. కానీ ఆపరేషన్ అయిన వెంటనే విమానం ఎక్కొద్దు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. ఆపరేషన్ రిపోర్టులన్నీ అడిగి తెచ్చుకోండి. బీ12, ఐరన్ పరీక్షలు జీవితాంతం తప్పవు.

అడిగినవారు: లీక్ సంగతి నాకెవరూ చెప్పలేదండీ. ముందు ఇక్కడి డాక్టర్‌తో మాట్లాడతాను.