1918 అహమదాబాద్ సమ్మె: అనసూయా సారాభాయ్ వల్ల కార్మికులకి లాభమా, నష్టమా?

పడుగుపేక: కార్మికుల పక్షాన నిలిచిన అనసూయ, బట్టల మిల్లు యజమానుల ఇంటి ఆడపడుచు. అవతల యజమానుల నాయకుడు అంబాలాల్ స్వయానా తమ్ముడు. అలాంటి పోరులో కార్మికుడికి దక్కేది రాజీయేనని నా వాదన. లెక్క చూడండి. ప్లేగు రోజుల్లో నేతవాళ్లకి 70–80 శాతం దాకా బోనస్ ఇచ్చారు. అది తీసేశాక కార్మికులు జీతం 50 శాతం పెంచమన్నారు, యజమానులు 20 అన్నారు. చివరికి పోరాడింది 35 కోసం.

కండెచుట్టు: 35 ఆమె మొహమాటం వల్ల తగ్గిన అంకె కాదండీ. ధరలు, బొంబాయి జీతాలు కూడా చూసి, కార్మికుల తరఫున నిలిచిన గాంధీ వర్గం కట్టింది. ఇంకోటి, 1917 డిసెంబరులో పడుగువాళ్ల (మగ్గానికి పడుగు నూలు సిద్ధం చేసేవాళ్ల) సమ్మెని ముందుండి నడిపింది ఆమే. తమ్ముడి మీద మొహమాటమే ఉంటే అప్పుడే ఆగిపోయేది.

పడుగుపేక: మరి 1918లో? కరపత్రాలు ఆమె పేరుతో వచ్చాయి, రాసింది గాంధీ. కార్మికవాడలో గాంధీ, అనసూయల గురించి అన్నారు కదా: వాళ్లిద్దరికీ ఏం పోయింది, కార్లలో తిరుగుతారు, కడుపునిండా తింటారు అని.

తుమ్మనీడ: ఆ మాట ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పాలి. ఫిబ్రవరి 22న లాకౌట్ పడింది, అంటే యజమానులే మిల్లులు మూసేశారు. బయటి చందాలు గాంధీ వద్దన్నారు, కూలిపని వెతుక్కోమన్నారు. అంటే సమ్మె నిధి లేదు. మార్చి 12న 20 శాతానికి ఒప్పుకున్నవాళ్లు రావచ్చని గేట్లు తీశారు. చేతిలో పైసా లేనివాడు ఊగిసలాడాడు, దెప్పాడు. 15న గాంధీ దీక్ష మొదలైంది. అసలు లోపం నిధి లేకపోవడం, ఆమె కారు కాదు. అయితే ఆ కారు లేకపోతే దెప్పడానికి మాట దొరికేది కాదు, అది ఒప్పుకుంటా.

పడుగుపేక: దీక్ష యజమానుల మీద ఒత్తిడి అయిందని గాంధీయే తర్వాత ఒప్పుకున్నారు. స్నేహం, చుట్టరికం లేనిచోట ఆ ఒత్తిడి పనిచేసేదా?

కండెచుట్టు: చేసేది కాదేమో. కానీ అది నష్టం ఎలా అవుతుంది? 18న ఒప్పందం: మొదటి రోజు 35, రెండో రోజు 20, ఆపైన మధ్యవర్తి తీర్పు దాకా 27.5. మొదటి రోజుది, 35 లేనిదే పనికి రామన్న కార్మికుల ప్రతిజ్ఞ నిలబెట్టడానికి, రెండో రోజుది యజమానుల పంతం కోసం. ఆగస్టులో మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ తీర్పిచ్చారు, 35 అని.

తుమ్మనీడ: రాజీ అన్నారు కదా పడుగుపేక గారూ, అడిగిన 35లో తగ్గిందెంత?