7.5% బైకార్బొనేట్‌తో లిగ్నోకెయిన్ బఫర్ చేసేవాళ్లున్నారా?

చెన్నైలోని తెలుగు డెంటిస్టులకు ఒక ప్రశ్న. పల్ప్ (పంటి లోపలి నరాల గుజ్జు) వాచిన కింది దవడ పన్నుకు మొద్దుబార్చే మందు 2% లిగ్నోకెయిన్, 1:80,000 అడ్రినలిన్‌తో నరానికి బ్లాక్ ఇంజెక్షన్ ఇస్తే పెదవి మొద్దుబారుతుంది గానీ డ్రిల్ తగలగానే పేషెంటు ఉలిక్కిపడతారు. ఆ మందు పీహెచ్ 4 చుట్టుపక్కలే, వాచిన కణజాలమూ ఆమ్లమే. అందుకే నరంలోకి దూరే బేస్ రూపం (ఆవేశం లేని అణువులు) తక్కువ పడుతుంది. అదొక్కటే కారణం కాదనుకోండి.

బఫరింగ్‌కి, అంటే మందు ఆమ్లత తగ్గించడానికి, 10 మి.లీ. లిగ్నోకెయిన్‌లో 8.4% సోడియం బైకార్బొనేట్ 1 మి.లీ. అని లెక్క. ఇక్కడి షాపుల్లో ఎక్కువగా 7.5% ఆంపూలే ఇస్తున్నారు. అంటే 1.1 మి.లీ. సరిపోవాలి. తెల్లగా మడ్డి కడితే పారబోయాల్సిందే, నిల్వ ఉంచితే అడ్రినలిన్ దెబ్బతింటుంది. మీరు కలిపాక ఎన్ని నిమిషాల్లో వాడేస్తున్నారు?

ఇదంతా ఎందుకు, బుగ్గవైపు మరో మొద్దుబార్చే మందు 4% ఆర్టికెయిన్ 1.8 మి.లీ. అదనంగా ఇస్తే చాలంటారా? చెన్నైలో ఆ కార్ట్రిడ్జులు విడిగా ఎక్కడ దొరుకుతాయి?